గుడి కదిలిందా, నేను కదిలానా?

మా ఇంట్లో ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. అంచులు పసుపెక్కాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం గోడ పక్కన నాయనమ్మ నిలబడి ఉంటుంది. గోడ చివర, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, నీళ్లు మెరుస్తుంటాయి. శ్రీశైలం జలాశయంలో ఆ చోటు మునుగుతుందని తెలిసి, చాళుక్యుల నాటి ఆ గుడిని రాయి రాయిగా విప్పి, అలంపురంలో మళ్లీ కట్టారు. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుండి జోగులాంబ గద్వాల.

కిందటి సెలవుల్లో అదే గోడను నేనూ ఫొటో తీశాను. కంప్యూటర్‌కు బొమ్మలను పోల్చడం నేర్పడమే నా వృత్తి కనుక, రెండు ఫొటోలనూ దానికే అప్పగించాను.

డేవిడ్ లో 1999లో ప్రతిపాదించి, 2004లో సమగ్రంగా వివరించిన పద్ధతి సిఫ్ట్. బొమ్మలో కొట్టొచ్చినట్టు కనిపించే బిందువులను ఏరి, ఒక్కొక్క దాని చుట్టూ వెలుగునీడలు ఎటు మారుతున్నాయో 128 అంకెల్లో రాసుకుంటుంది. అంకెలు దగ్గరగా ఉన్నవాటిని జతకడతాం. గుడిగోడతో చిక్కేమిటంటే, ఒక అరస్తంభం పక్కదానికి కవలలా ఉంటుంది. మొదటి పోలికకూ రెండో పోలికకూ తేడా స్పష్టంగా లేకపోతే ఆ జతను వదులుకోవాలి.

అయినా తప్పులు మిగులుతాయి. వాటికి ఫిష్లర్, బోల్స్ 1981లో చెప్పిన ర్యాన్సాక్ ఉంది. ఏవో నాలుగు జతలు తీసుకోవాలి. చదునైన గోడకైతే ఒక ఫొటోను మరొకదానిపై పరిచే హోమోగ్రఫీకి ఆ నాలుగూ చాలు. మిగతా జతల్లో ఎన్ని దానికి ఒప్పుకుంటాయో లెక్కించి, మళ్లీ మరో నాలుగు తీసుకోవాలి. ఎక్కువ జతలు ఒప్పుకున్నదే నిలుస్తుంది.

నిలిచింది. పాత గోడ వచ్చి కొత్త గోడపై కూర్చుంది. పేర్చేటప్పుడు ఒక్క రాయి జానెడు జరిగినా ఆ రాతిమీది జతలు ఎదురుతిరిగేవి. ఆ పనివాళ్లకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

తోసివేసిన జతలను కూడా తెరమీద గీయించి చూశాను. పాత ఫొటోలోని నీటి మెరుపును యంత్రం కొత్త ఫొటోలోని చెట్టు ఆకులతో ముడిపెట్టబోయి, మానుకుంది. నాయనమ్మ ముఖానికి జతే దొరకలేదు.

అప్పుడొకటి తట్టింది. ఆ తొమ్మిది అంకెల మాత్రికకు తెలిసింది గోడకూ కెమెరాకూ మధ్య సంబంధమే. కెమెరా కదిలిందో, గోడే చోటు మారిందో దానికి తెలియదు. రెండింటికీ లెక్క ఒకటే. ఆ సంగతి చెప్పగలిగినవి గోడ చుట్టూ ఉన్నవే. తప్పులని నేను పారవేయబోయినవీ అవే.

గుడి అలంపురం చేరాక నాయనమ్మను చూపించడానికి తీసుకువెళ్లారట. ప్రదక్షిణం చేసివచ్చి కూర్చుని, "గుడి అదేలే బిడ్డా, మరి ఏరు ఏదీ?" అన్నదట. ఆమె చాదస్తమని ఇంట్లో చెప్పుకుని నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

మునిగిన ఊళ్ల ఫొటోలు మీ ఇళ్లలో ఉంటే స్కాన్ చేసి దాచండి. అంచులు మాత్రం కత్తిరించకండి.