విగన్ పట్టణపు కీర్తిపట్టిక

మాంచెస్టరు విడిచి పడమటికి సాగిన రైలు విగన్ పట్టణమును సమీపించుకొలది, ఒకప్పుడు బొగ్గుగనులకును నూలుమిల్లులకును ఆటపట్టైన లాంకషైర్ సీమ, పొగగొట్టములు పెక్కు నేలకూలినను, ఎఱ్ఱయిటుకల యిండ్ల వరుసలతో తన పూర్వవృత్తిని నేటికిని తలపింపజేయుచుండెను. 1937లో ఆర్వెల్ అను ఆంగ్ల రచయిత వెలువరించిన గ్రంథము మూలమున ఈ యూరి పేరు దారిద్ర్యవర్ణనతో ముడివడి లోకమున వ్యాపించినది. నేను మాత్రము ఈ యూరి రగ్బీ లీగు జట్టు నూఱేండ్లకు మించి కూడబెట్టుకొనిన ఘనతలను, అవి పుట్టిన నేలమీదనే నిలిచి తెలిసికొనవలెనను కోరికతో పోయితిని.

ఈ క్రీడ పుట్టుకయందే శ్రామికుని చెమట కలదు. గనిలోనో మిల్లులోనో పని మానుకొని ఆడవచ్చిన కూలివానికి ఆ పూట కోల్పోయిన వేతనమును చెల్లించుట న్యాయమని ఉత్తరదేశపు క్లబ్బులు వాదింపగా, అది ఔత్సాహిక ధర్మమునకు విరుద్ధమని రగ్బీ సంఘపు పెద్దలు నిరాకరించిరి. అంతట 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డులోని జార్జి హోటలునందు సమావేశమై, ఆ క్లబ్బులు పాత సంఘముతో తెగతెంపులు చేసికొన్నవి. అట్లు వేఱుపడినవానిలో విగన్ ఒకటి. కాలక్రమమున ఆటగాండ్ర సంఖ్య పదునైదు నుండి పదుమూటికి తగ్గినది. నేడు బంతి పట్టిన జట్టువారిని ఎదిరిపక్షము ఆఱు మాఱులు పట్టి పడవేయులోపల వారు గీత దాటి ట్రై సాధింపవలెను, లేనిచో బంతి చేయి మాఱును. కబడ్డీ పట్టు చూచినవానికి ఈ పెనుగులాటలోని ఉత్కంఠను వేఱుగ బోధింపనక్కఱలేదు.

పట్టణమధ్యమున బిలీవ్ స్క్వేర్ అను కూడలిలో బిల్లీ బోస్టన్ కంచువిగ్రహము 2016 నుండి నిలిచియున్నది. సియెర్రా లియోన్ దేశస్థుడైన నావికునికి కార్డిఫ్ ఓడరేవులో 1934లో జన్మించిన ఈతడు, 1953లో మూడువేల పౌనులకు విగన్ జట్టున చేరి, 1968 వఱకు నాలుగువందల ఎనుబదికి పైబడిన ఆటలలో 478 ట్రైలు సాధించెను. అనగా దాదాపు ఆటకొక్కటి. ఆ సంఖ్యను విగన్‌లో నేటివఱకు ఎవ్వరును దాటలేదు. ఐనను 1957లో ప్రపంచకప్పు ముగిసిన పిమ్మట బ్రిటిషు జట్టు దక్షిణాఫ్రికాలో ప్రదర్శనపు ఆటలకు పోవునపుడు, అచ్చటి వర్ణవివక్ష కారణమున ఆ జట్టులోని ఈ మేటి ఆటగాడు ఒంటరిగా ఇంటికి మరలవలసివచ్చెను. ఏ కీర్తిపట్టికయు ఈ సంగతిని నమోదు చేయదు. సంచులు పట్టుకొని అంగళ్ల వంక పోవుచున్న ఒక గృహిణి, పసివానిని విగ్రహము చెంతకు ఎత్తి, కంచుబంతిని తాకించి మఱి సాగిపోవుట నేను చూచితిని.

బోస్టన్‌కు ముప్పదేండ్ల ముందే కార్డిఫ్ నుండి పదునేడేండ్ల ప్రాయమున వచ్చినవాడు జిమ్ సల్లివన్. 1921 నుండి 1946 వఱకు ఆతడు విగన్ పక్షమున 774 ఆటలాడి, 2,317 గోలులతో 4,883 పాయింట్లు సంపాదించెను. 1925 ఫిబ్రవరి 14న ఫ్లింబీ-ఫోథర్‌గిల్ జట్టును విగన్ 116-0తో ఓడించిన నాడు, ఒక్క ఆటలోనే ఆతని పాదమునుండి 22 గోలులు వెలువడినవి.

1902 మొదలు 1999 వఱకు జట్టునకు నిలయమైన సెంట్రల్ పార్కు ఉండిన చోట నేడొక సూపర్‌మార్కెట్టు వెలసినది. 1959లో గుడ్ ఫ్రైడే దినమున పొరుగూరి సెయింట్ హెలెన్స్ జట్టుతో జరిగిన ఆటకు 47,747 మంది వచ్చినది ఇచ్చటికే. కారులు నిలుపు ఆవరణలో తారసిల్లిన ఒక వృద్ధుడు నా ప్రశ్న విని, తడుముకొనక, “అయ్యా, ఇప్పుడు మీరు నిలుచున్నచోట మేము ఒకరిపై ఒకరు ఒరిగి నిలుచునేవాళ్లం, వాన పడితే ముందువాని కోటే మాకు గొడుగు,” అని చెప్పి, 1988 నుండి 1995 వఱకు వరుసగా ఎనిమిది మాఱులు గెలిచిన చాలెంజ్ కప్పుల అంత్యపోరులలో ఓడిన జట్ల పేర్లను వ్రేళ్లు మడచుచు వల్లించెను. ఇతర క్లబ్బుల ఆటగాండ్రు పగలు కొలువుచేసి సాయంకాలము సాధన చేయుచుండిన ఆ దినములలో, తన వారికి పూర్తికాలపు జీతమిచ్చి పోషింప సాహసించుటయే విగన్ ప్రాబల్యమునకు మూలము. కోల్పోయిన వేతనమునకై 1895లో మొదలైన వాదము ఇచ్చట ఫలించినదని నాకు తోచినది.

కాలువగట్టు వెంబడి, ట్రెంచర్‌ఫీల్డ్ మిల్లును దాటి, క్రొత్త క్రీడాస్థలికి నడచితిని. ఎఱుపు తెలుపు చారల చొక్కాలు ధరించిన తాతలును మనుమలును వేడివేడి మాంసపు పైలు తినుచు ద్వారముల కడ గుమిగూడియుండిరి. 2024లో ఈ జట్టు ప్రపంచ క్లబ్ చాలెంజ్‌లో ఆస్ట్రేలియా విజేత పెన్‌రిత్‌ను 16-12తో, చాలెంజ్ కప్పులో వారింగ్టన్‌ను 18-8తో, గ్రాండ్ ఫైనలులో హల్ కె.ఆర్.ను 9-2తో గెలిచి, లీగు అగ్రస్థానపు ఫలకమును గూడ కైకొని, ఆ యేటి నాలుగు బహుమానములను ఒక్క సంవత్సరముననే కూర్చుకొనెను. ఆ గ్రాండ్ ఫైనలులో ఏకైక ట్రై సాధించిన బెవన్ ఫ్రెంచ్ ఆస్ట్రేలియా ఆదివాసి; 1992లో విగన్ పక్షమున లీడ్స్ మీద ఒక్క ఆటలో పది ట్రైలు సాధించిన మార్టిన్ ఆఫియా లండనులో జన్మించినవాడు.

21 చాలెంజ్ కప్పులు, ఐదు ప్రపంచ క్లబ్ విజయములు గల ఈ పట్టిక నెంత చదివినను నాకు పాత్రలలోని వెండి కంటె పేర్లలోని వైవిధ్యమే మిన్నగ కన్పట్టుచున్నది. గనికార్మికుల ఊరు తన అత్యున్నతస్థానములను ఇతరస్థలములనుండి వచ్చినవారికి ఒసగి, వారిని తన బిడ్డలనుగా చెప్పుకొనుచున్నది. 2025లో, తొంబదేండ్ల ప్రాయమున, బోస్టన్ నైట్‌హుడ్ పొందెను; రగ్బీ లీగు ఆటగానికి ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము. ఈ ఆట పుట్టిన పిదప రాజ్యమునకు నూటముప్పదేండ్లు పట్టిన ఆ గుర్తింపును, విగన్ ప్రజలు ప్రతి శనివారమును ఆతని పేరెత్తి కేకలు వేయుచు ఎన్నడో ఇచ్చివేసిరి. ఒక క్లబ్బు ఘనతను కొలువదలచినవారు గెలుపులతో పాటు, అది ఎవరిని అక్కున చేర్చుకొన్నదో గూడ లెక్కింపవలెను. అట్లు లెక్కించినచో విగన్ స్థానము మిక్కిలి ఉన్నతమని నేను నిస్సంశయముగ చెప్పుదును.