అక్కడ సైకిలే ఓ క్రియ!

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో రైలు దిగితే ముందుగా కళ్లు చెదరగొట్టేవి సైకిళ్లు! స్టేషన్ ముందున్న ఆవరణ కింద మూడంతస్తుల సైకిల్ స్టాండు. 2019లో పూర్తయిన ఈ స్టాండులో 12,500 సైకిళ్లు పడతాయి. మొదటి 24 గంటలూ పైసా కట్టక్కర్లేదు.

మనం సైకిలు ‘తొక్కుతాం’. డచ్చివాళ్లు సైకిల్‌నే క్రియ చేసేశారు. ‘ఫీట్స్’ అంటే సైకిలు, ‘ఫీట్సెన్’ అంటే తొక్కడం. నేనైతే ‘ఇక్ ఫీట్స్’, నువ్వైతే ‘యై ఫీట్స్ట్’, మనందరం కలిస్తే ‘వే ఫీట్సెన్’. నిన్నటి సంగతైతే ‘ఫీట్స్‌తె’. తొక్కాడు, తొక్కింది అన్న తేడా లేదు.

ఇంతకీ ఆ మాట ఎక్కడిది? ఫ్రెంచి ‘వెలోసిపెడ్’ జనం నోళ్లలో నలిగి అలా అయిందని కొందరు, వాగెనింగెన్ ఊళ్లో బండ్లు చేసే వీట్స్ పేరే సైకిలుకు వచ్చిందని ఇంకొందరు. 2012లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం భాషావేత్తలు మరో మాట చెప్పారు. ‘గుర్రానికి బదులు గుర్రం’ అనే అర్థమున్న జర్మన్ మాట ‘ఫీట్సె ఫేర్ట్’ నుంచి పుట్టిందట. వినడానికి ఇదే ముచ్చటగా ఉంది!

అసలు అందం మరోచోట ఉంది. ఊరికే షికారు తొక్కొస్తే ‘ఇక్ హెబ్ ఖెఫీట్స్ట్’ అంటారు. అదే ఇంటికో బడికో తొక్కుకుంటూ వెళ్తే ‘హెబ్’ పనికిరాదు, ‘బెన్’ అనాలి. గమ్యం ఉంటే వ్యాకరణమూ మారుతుందన్నమాట.

ఆ గమ్యం చేరడం ఒకప్పుడు అక్కడా గగనమే. కార్లు పెరిగిపోయి 1971లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. కూతురిని పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్ లాంగెన్‌హోఫ్ 1972లో ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ రాశాడు. అదే నినాదంతో తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. 1973లో చమురు కరవొచ్చి కొన్నాళ్లు ఆదివారాలు కార్లు ఆపేస్తే, జనం ఖాళీ రోడ్ల మీద సైకిళ్లు తొక్కారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కష్టపడి సైకిళ్లకు వేరే దారులు వేసుకుంటూ వచ్చారు. ఇప్పుడు ప్రాథమిక బడిలోనే పిల్లలకు సైకిలు మీద ట్రాఫిక్ పరీక్ష పెడతారు.

ఆ దారులు చాలాచోట్ల ఎర్రగా ఉంటాయి. కొత్తగా వెళ్లినవాళ్లు కాలిబాటే కదా అని వాటి మీద నడిస్తే వెనక నుంచి గంట మోగుతుంది. తప్పుకోవాల్సింది మనమే!