ఒండ్రు తరిగిన చేలు

ఆగస్టులో ధవళేశ్వరం బ్యారేజి మీద నిలబడితే గోదావరి ఎర్రగా కనిపిస్తుంది. రాజమండ్రిలో రైలు దిగి, పిల్లలకు నదిని చూపించాలని మేము అక్కడ కాసేపు ఆగాము. “ఇంత మురికి నీళ్లా!” అని మా చిన్నమ్మాయి ముఖం చిట్లించింది. అది మురికి కాదు, ఎగువ నేలల నుండి కొట్టుకొచ్చిన మట్టి. ఈ డెల్టా ఏర్పడిందే ఆ మట్టితో.

సర్ ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట పనిని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించారు. కరవులతో అల్లాడిన సీమకు అన్నం పెట్టిన కట్టడాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. అయితే వరద గట్ల మధ్య కట్టుబడిన తరువాత పొలాల మీద పరుచుకునే ఒండ్రు తగ్గింది. ఎగువన జాయక్వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలు వచ్చాక చాలా మట్టి వాటి అడుగునే చేరుతోంది. నది ఉచితంగా ఇచ్చిన సారాన్ని రైతు ఇప్పుడు బస్తాల్లో కొంటున్నాడు.

ఆ సాయంత్రం ఆకివీడు దగ్గరి పల్లెలో మా ఖాలూగారింట దిగాము. తెల్లవారి ఫజ్ర్ నమాజు కాగానే ఆయన యూరియా బస్తాతో చేనికి బయలుదేరారు. మేమూ వెంట నడిచాము.

“మా అబ్బాజాన్ రోజుల్లో వేసవిలో కాలువ కట్టేయగానే పూడిక మట్టిని బండ్లతో తోలేవారు బేటా. జీలుగ పెంచి దమ్ములో కలియదున్నేవారు. ఇప్పుడు దాళ్వా కోతకూ సార్వా నాటుకూ మధ్య అంత తీరికెక్కడిది?” అన్నారాయన.

45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. నీళ్లు నిలిచిన వరిచేలో చల్లితే సాధారణంగా అందులో సగం కూడా పైరుకు అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో జారి మురుగు కాలువలో పడుతుంది. నేల ఆకలితో ఉంటే కాలువకు అజీర్తి చేసిందన్నమాట! ఖాలూగారి పెరటి వెనుక కాలువలో గుర్రపుడెక్క ఎంత దట్టంగా అల్లుకుందంటే, నీరు కనిపించలేదు. చిన్నప్పుడు మేము ఆ కాలువలోనే గాలం వేసేవాళ్లం. అప్పుడప్పుడు తెల్లవారేసరికి చేపలు చచ్చి తేలుతున్నాయని ఖాలాజాన్ చెప్పారు. కలుపు, నాచు కుళ్లేకొద్దీ నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది.

ఈ ప్రాంతపు మురుగు కాలువల్లో అనేకం కొల్లేరులో కలుస్తాయి. పొలాల ఎరువుకు చేపల చెరువుల మేత, పట్టణాల మురుగు తోడవుతాయి. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగ్గొట్టింది. ఆ గట్లనే నమ్ముకున్న కూలీల గోడు వేరే కథ. గట్లు తెగినా, పైనుండి వచ్చే ఎరువు నీరు ఆగలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆకురంగు పట్టిక మాట వచ్చింది. పైరు ఆకుపచ్చదనాన్ని ఆ పట్టీ రంగులతో పోల్చి, ఆకు పాలిపోయినప్పుడే యూరియా వేసే పద్ధతి అది. “ఆకు పచ్చగానే ఉంది, ఈ వారం ఆగితే దిగుబడి పోదా?” అని ఖాలూగారు మళ్లీ మళ్లీ అడిగారు. ఆయన భయం మాకు అర్థమైంది; ఎకరం తగ్గితే ఆ ఇంట్లో ఎవరి చదువు ఆగుతుందో మేము ఎరుగుదుము.

మేము బయలుదేరే వేళకు రెండో బస్తా విప్పకుండా అరుగు మీదే ఉంది. పల్లపు అరెకరంలో ఈసారికి చూస్తానని, మిగతా చేనుకు మాత్రం రేపు చల్లుతానని ఆయన అన్నారు.