బాక్సొక్కటే మొయ్యలేదు వదినా

"వదినా, మీ అన్న జీపుకు ఏదో ర్యామ్ బిగిస్తానంటన్నాడు. మీ షాపులోనే చేస్తారంట గదా. అంత డబ్బు పెట్టాల్సిన పనేనా అది?"

గోడ అవతల నులకమంచం మీద మిరపకాయలు ఆరబోస్తా అడిగింది పక్కింటి వదిన. మాది గిద్దలూరులో లేత్ షాపు. మా ఆయన మిషను కాడుంటే నేను బిల్లులు రాస్తా, హైడ్రాలిక్ హోసులు కొలిచి కోసిస్తా. ఆ బల్ల కాడ కూర్చుని విన్నదీ, చేత్తో పట్టుకుని చూసిందీ చానా ఉంది. అందుకే దండెం మీద బట్టలు ఆపి గోడ కాడికొచ్చా.

"డబ్బు సంగతి తర్వాత. అన్నకు భుజం నొప్పి తగ్గిందా?"

"యాడ తగ్గింది? రాత్రి తైలం రాస్తే గానీ నిద్రపోడు. ఇప్పుడు బొటనవేలు కూడా వాచింది."

బొటనవేలనగానే నాకు సంగతి అర్థమైంది. వాళ్ళ బత్తాయి తోట అర్ధవీడు పక్క, కొండ కింద. తోటకు పోవాలంటే వాగు దాటాల. వాగంతా గుండ్రాళ్ళే. ముందు టైరు రాయికి తగిలిందంటే స్టీరింగ్ చక్రం చేతుల్లోంచి గిర్రున ఎనక్కి తిరుగుద్ది. బొటనవేళ్ళు చక్రం లోపలికి పెట్టుకుని ఉంటే ఊచ వచ్చి కొడుద్ది. వేళ్ళు విరిగినోళ్ళున్నారు. పాత జీపు డ్రైవర్లను చూడు, బొటనవేళ్ళు చక్రం అంచు మీదే ఆనిస్తారు, లోపలికి పోనియ్యరు. "వదినా, ఈ ఒక్క మాట ఈ రాత్రికే అన్నకు చెప్పు. పైసా ఖర్చు లేదు" అన్నా.

"చెప్తాలే. మరి ఆ ర్యామ్ అంటే ఏంది?"

ట్రాలీని ఎత్తే జాకీ లేదూ, అదే చిన్న సైజుది. అది ముందు ఇరుసు మీద అడ్డంగా కూర్చుని, రెండు ముందు చక్రాలనూ కలిపే టైరాడ్‌ను నెడుద్ది. అయితే అది ఎందుకు కావాల్సొచ్చిందో తెలియాలంటే స్టీరింగ్ బాక్సు సంగతి తెలియాల. మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన కాణ్ణుంచి చానా ఏళ్ళు మన జీపులకు స్టీరింగంటే చేతి బలమే. అన్న ఆ పాత బాక్సు తీసేసి వేరే బండి పవర్ స్టీరింగ్ బాక్సు వేయించాడు. కొన్నాళ్ళు హాయిగా తిరిగింది. తర్వాత వాగులో దిగబడకుండా పెద్ద టైర్లు వేశాడు. ఆ టైర్ల కాడ బాక్సు ఓడిపోయింది.

పవర్ బాక్సు లోపల ఒక పిస్టన్ ఉంటది. స్టీరింగ్ తిప్పితే కడ్డీ ఒకటి రవ్వంత మెలి తిరిగి వాల్వు తెరుస్తది. ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు నుంచి నూనె ఒత్తిడిగా వచ్చి పిస్టన్‌ను ఒక పక్కకు నెడుద్ది. పిస్టన్ పళ్ళు అడ్డ షాఫ్టును తిప్పుతాయి, దానికి బిగించిన డ్రాప్ ఆర్మ్ ఊగి చక్రాలను లాగుద్ది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు, పియర్స్-ఆరో కంపెనీలో లారీల పని చూసినాయన, 1926లోనే ఇట్టా నూనెతో తిరిగే స్టీరింగ్ చేసి చూపించాడు. జనం కొనుక్కునే కార్లోకి అది రావడానికి 1951 అయింది, క్రైస్లర్ ఇంపీరియల్‌తో.

"ఇప్పుడు చూడు వదినా. టైరు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. అన్న తిప్పతన్నాడు. ఆ బలమంతా ఒక్క అడ్డ షాఫ్టు మీద, ఒక్క డ్రాప్ ఆర్మ్ మీద, బాక్సును ఛాసీకి పట్టిన ఆ నాలుగు బోల్టుల మీద పడుద్ది. సీలు కారుద్ది, ఛాసీ ఆ బోల్టుల కాడ పగులుద్ది. ఇంకా పెద్ద బాక్సు వేసినా, పంపు ఒత్తిడి పెంచినా బలం పోయేది ఆ దోవలోనే. అందుకే బలాన్ని బాక్సు మీద పెట్టకుండా చక్రాల కాడికే తీసుకపోవాల."

వదిన కాసేపు మిరపకాయలు కదపకుండా నిలబడింది. "ఇసుర్రాయికి ఇద్దరం ఎదురుబొదురు కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పినట్టన్న మాట" అంది. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో! నేను హోసులతో చెప్పలేనిది ఆమె ఒక్క ముక్కలో అందుకుంది.

సరిగ్గా అదే. పిస్టన్‌కు అటొక గది, ఇటొక గది. రెండు గదులకూ చెరొక రంధ్రం కొట్టి, మర కోసి, అక్కణ్ణుంచి రెండు హోసులు ర్యామ్‌కు తీసుకపోతారు. పిస్టన్‌ను నెట్టే నూనే అదే ఒత్తిడితో ర్యామ్‌నూ నెడుద్ది. రాయి కొట్టే దెబ్బ కూడా ర్యామ్‌లోని నూనెలో చానావరకు ఆగిపోద్ది, చేతి దాకా రాదు.

రంధ్రం కొట్టే పని మాత్రం అందరి చేతికీ ఇవ్వకూడదు. పిస్టన్ చివరంటా పోయే దారిలో రంధ్రం పడితే సీలు దాని అంచుకు చీరుకుపోద్ది. పిస్టన్ ఆగే చోటుకు ఆవల, గది చివర్లోనే కొట్టాల. బాక్సు మొత్తం విప్పి, అన్నీ బయటపెట్టి, ఖాళీ డొల్లకే డ్రిల్ పెట్టాల. ఒక్క ఇనప రజను లోపల మిగిలినా వాల్వును గీరేస్తది. విప్పకుండా పైపైన కొట్టిస్తానన్న వాళ్ళను మా ఆయన వెనక్కి పంపిన రోజులున్నాయి. బేరం పోయినా సరే.

"మరి పెద్ద ర్యామ్ వేయిస్తే ఇంకా తేలిగ్గా ఉంటది గదా?"

ఇక్కడే చానామంది తప్పుదోవ పడతారు. 50 మిల్లీమీటర్ల ర్యామ్ అనుకో. దాని ముఖం 19.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 80 కిలోల ఒత్తిడితో అది దాదాపు 1,570 కిలోల బలంతో నెడుద్ది. కడ్డీ ఉన్న పక్క నుంచి మాత్రం, కడ్డీ 25 మిల్లీమీటర్లయితే, పావు వంతు తక్కువ. కుడికొక బలం, ఎడమకొక బలం! అందుకే రెండు పక్కలా కడ్డీ ఉన్న ర్యామ్ దొరికితే మేలు. ఇంకొకటి. ఆ ర్యామ్ 20 సెంటీమీటర్లు కదలాలంటే దాదాపు 390 సీసీల నూనె పడుద్ది. పంపు నిమిషానికి 8 లీటర్లు ఇస్తే, బాక్సు సంగతి అట్టా ఉంచి ర్యామ్ ఒక్కదానికే 3 సెకన్లు. గబుక్కున తిప్పాల్సినప్పుడు నూనె అందక స్టీరింగ్ సగంలో రాయిలా బిగుసుకుంటది. 40 మిల్లీమీటర్లదైతే 250 సీసీలతో సరి, బలం ఇంకా 1,000 కిలోలుంటది. తోట దోవకు అది చాలు. నన్నడిగితే చిన్నదే.

చక్రాలు చివరికంటా తిరిగినప్పుడు ఇరుసు మీది స్టాపరు ముందు తగలాల, ర్యామ్ తర్వాత. ర్యామే ముందు ఆగిందనుకో, టైరాడ్ వంగుద్ది. చివరికంటా తిప్పి అట్టే పట్టుకుని కూర్చోగూడదు కూడా. నూనె పోయే దోవ లేక కాగిపోద్ది. మన ఎండలకు నూనె చల్లబరిచే చిన్న కూలరు తప్పనిసరి.

"మా తమ్ముడు జేసీబీ మాదిరి మొత్తం నూనెతోనే పెట్టించమన్నాడు" అంది వదిన.

"వద్దు వదినా, వద్దు." గట్టిగానే అన్నా. జేసీబీలో స్టీరింగ్ చక్రానికీ టైర్లకూ మధ్య ఇనప కడ్డీ ఉండదు, హోసులే. మెల్లగా తిరిగే మిషనుకు అది తగినది. అన్న జీపుకు ఆ ఇనప కడ్డీ, అదే డ్రాగ్ లింక్, అట్టే ఉండాల. హోసు పగిలి నూనంతా కారినా, బరువెక్కినా, చక్రాలు చేతి మాట వింటాయి. మనుషులెక్కే బండి గదా అది.

రోడ్డు సంగతి కూడా చెప్పేశా. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన దానికి తేడాగా బండిని మార్చగూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఈ పని చేయించిన జీపు తోటలో, సొంత పొలంలో తిరగాల. నంద్యాల ఘాట్ మలుపుల్లోకి దాన్ని ఎక్కించకూడదు. నల్లమల అడవి లోపలికి అసలే వద్దు, అది పులుల చోటు.

"అయితే చేయించమంటావా, వద్దంటావా?"

"ముందు చేయాల్సింది వేరే ఉంది." జాకీ మీద ముందు ఇరుసు లేపి, డ్రాగ్ లింక్ ఊడదీసి, చక్రాలను చేత్తో తిప్పి చూడాల. పాత జీపుల్లో కింగ్ పిన్ బేరింగులు గ్రీజు లేక పట్టేసుంటాయి. అవి బిగుసుకుంటే ఏ ర్యామ్ పెట్టినా ఆ బిగువును నెట్టడానికే సరిపోద్ది. బాల్ జాయింట్లలో ఆట, డ్రాప్ ఆర్మ్ పళ్ళ అరుగుదల, ఛాసీ పగుళ్ళు, అన్నీ చూసుకోవాల. అవి బాగుచేశాక కూడా భుజం నొప్పి పుడితే అప్పుడు ర్యామ్. మా షాపుకు బేరం తగ్గినా నేను ఇదే చెప్తా. మార్కాపురం పలకల గనుల వైపు నుంచి ముందు బకెట్ బిగించుకున్న ట్రాక్టర్లు వస్తాయి మా కాడికి. వాటికీ ఇదే వరుస. ముందు అరిగింది చూడు, తర్వాతే కొత్తది.

"సరే, సోమవారం పంపిస్తాలే. బాక్సు విప్పి, డీజిల్‌తో శుభ్రంగా కడిగి తెమ్మంటా" అంది వదిన.

"కడగొద్దు వదినా! మట్టీ నూనే అట్టే ఉండనియ్యి. యాడ కారిందో, యాడ పగిలిందో ఆ మరకే చెప్పుద్ది. జీపునే తోలుకొచ్చి నిలబెట్టమను, విప్పేది మా ఆయన చూసుకుంటాడు."