నాకు నచ్చిన సినిమా ‘గట్టాకా’

సైన్స్ ఫిక్షన్ అంటే మన హాస్టల్లో ‘ఆదిత్య 369’, ‘రోబో’ల దాకానే. పీజీలో చేరాక రూమ్మేట్ లాప్‌టాప్‌లో ‘గట్టాకా’ చూశాను. 1997లో ఆండ్రూ నికోల్ తీసిన ఈ సినిమాకు అప్పట్లో పెట్టిన ఖర్చు కూడా రాలేదు. అందుకే చాలామందికి తెలియదు. డి.ఎన్.ఎ.లోని జి, ఎ, టి, సి అక్షరాలతోనే ఆ పేరు కూర్చారు.

పుట్టగానే ఒక్క రక్తపు చుక్కతో మనిషి బతుకు తేల్చేసే లోకం అది. గుండె జబ్బు వస్తుందని తేల్చిన విన్సెంట్‌కు అంతరిక్ష కేంద్రంలో ఊడ్చే పనే దొరుకుతుంది. రాకెట్ ఎక్కాలని వేరొకరి పేరు, రక్తం అరువు తెచ్చుకుంటాడు. ఈతలో ఎప్పుడూ గెలిచే తమ్ముణ్ణి చివరకు ఓడిస్తాడు. ఎలాగంటే, తిరిగి ఒడ్డుకు రావడానికంటూ బలం దాచుకోలేదు!

అతను చీపురు పట్టినప్పుడు నాకు మా అమ్మ కనిపించింది. పీజీ మొదటి ఏడాదంతా అమ్మ ఏం చేస్తుందని అడిగితే మాట మార్చాను. నేనూ అరువు పేరుతోనే బతికానన్నమాట. ఇప్పుడు రాస్తున్నాను: మా అమ్మ ఆఫీసులు ఊడుస్తుంది. ఆమె కొడుకు ఎమ్మెస్సీ చదువుతున్నాడు.

తమ్ముళ్లూ, వార్డెన్ సారుని అడిగి ఒక ఆదివారం ఈ సినిమా వేయించుకోండి. పేరు మాత్రం దాచుకోకండి.