సగంలో ఆగిన పెన్సిల్ గీతలు

ఆదివారం ఆబిడ్స్‌. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు. ఓ పాలిటీ పుస్తకం తిరగేశా. మొదటి 40 పేజీల నిండా పెన్సిల్ గీతలు, అంచుల్లో చిన్నచిన్న నోట్సు. ఆ తర్వాత అంతా తెల్లగా! ఆశ ఎక్కడిదాకా నడిచి ఎక్కడ కూలబడిందో ఆ పేజీయే చెప్తోంది.

నేను కింద పెట్టగానే ఓ అమ్మాయి అందుకుంది.

"మొత్తం గీతలే ఉన్నయ్ కదన్నా, జర తగ్గించు."

"గీతలు షురూలనే ఉన్నయమ్మా, మిగతాదంతా కొత్తదే!"

నవ్వొచ్చింది.

ఇక్కడికి దగ్గర్లోనే, నాంపల్లిలో, ఇలాంటి పుస్తకాలు చదివేవాళ్లకు పరీక్షలు పెట్టే తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది, రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిగింది, అదీ రద్దయింది. 2024 జూన్‌లో మూడోసారి, కొత్త నోటిఫికేషన్‌తో, 563 పోస్టులకు. మూడుసార్లూ పెన్ను పట్టుకుని హాలుకెళ్లినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది వేరే లెక్క.

డిప్యూటీ కలెక్టర్ అవ్వాలని ఒక్క రాత్రిలో అనుకోవచ్చు. 41వ పేజీ మాత్రం పొద్దున్నే లేచి తిప్పాల్సిందే.

ఆ అమ్మాయి పుస్తకం కొనుక్కుని, పెన్సిల్ కోసం పక్క బండి వైపు నడిచింది.