గొంతువాపు



తొలకరి జల్లులతో మా జగిత్యాల పల్లెలలో గొంతువాపు ప్రవేశించుననుట మా అత్తగారి కాలమునుండియు మేము వినుచున్న మాట. గురకరోగ మనియు దీనినే యందురు. ఆవులకంటె బర్రెలకును, పెద్దవానికంటె పడ్డలకును దీని వలన నపాయ మెక్కువ.

మా వాడలో నొక యిల్లాలు బీడీలు చుట్టుచు, ఒక్క బర్రె పాలమ్మి కుమార్తెను చదివించుచుండెను. సూదివారు వచ్చిననాడు, “పాలు తగ్గునక్కా, ఈ నెల ఫీజు కట్టవలె” నని మాతో జెప్పి బర్రెను దొడ్డివెనుకకు తోలినది. వానలు పట్టిన పదునైదు దినములకు ఒక సాయంకాలము ఆ బర్రె కుడితి ముట్టలేదు, నెమరు వేయలేదు. నోట చొంగ కారుచుండెను. దిష్టి యని మిరపకాయలు దిగదుడిచిరి. తెల్లవారకమునుపే దవడక్రింద వాచి, దాని గురక వీధివరకు వినవచ్చెను. పశువుల దవాఖాననుండి వైద్యుడు వచ్చునప్పటికి ప్రాణము పోయినది. ఆమెను తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. రెండు దినముల పాలు ఆ యింట చిన్న విషయము కాదు.

విరాటుని కొలువున సహదేవుడు తన కాపులో నావులకు రోగము రాదని పలికెను గాని, ఆ కిటుకేదో మనకు జెప్పిపోలేదు. ఫ్రాన్సుదేశపు పాశ్చర్ పండితుడు చెప్పిపోయెను. 1880వ సంవత్సర ప్రాంతమున కోళ్ల కలరాను శోధించుచు, బలహీనపరచిన సూక్ష్మజీవియే రక్ష యగునని యాతడు కనుగొనెను. గొంతువాపు జీవియు ఆ జాతిదే. ఆతని పేరనే దానిని పాశ్చరెల్లా యందురు. ఇది కొన్ని పశువుల గొంతులో నణగియుండును. ఎండకు, మేతలేమికి, దుక్కికి డస్సిన పశువు వానలో తడిసినప్పుడు విజృంభించి నెత్తురున బడును. దాని విషము ఒక్కదినములోనే చంపగలదు. కావున జ్వరము తగిలిన తొలిగడియలలోనే మందు పనిచేయును. వాపు కనబడినపిదప ఆశ తక్కువ. సూదిలోనిది చంపిన జీవులే. దాని బలము పట్టుటకు రెండు మూడు వారములు కావలెను గనుక వానలకు మునుపే వేయింపవలెను, ఏటేట వేయింపవలెను.

కోడె మ్రొక్కుల వేములవాడ మాకు దాపుననే యున్నది, పశువైద్య కళాశాల కోరుట్లలోనే యున్నది. దైవమునకు కోడెను గట్టువారిలో కొందరు ఇంటికోడెకు సూది యన్న మొగము త్రిప్పుకొందురు!

దొమ్మరోగము వేరు. దాని జీవిని 1876లో జర్మనీవాడగు రాబర్టు కోఖు నిరూపించెను. చచ్చిన పశువు ముక్కునుండిగాని వెనుకనుండిగాని గడ్డకట్టని నల్లని నెత్తురు కారుచున్నచో దానిని కోయనీయరాదు, తోలు ఒలువనీయరాదు. అది మనుష్యులకును అంటును. దాని బీజములు నేలలో దశాబ్దములు బ్రతికియుండును. దవాఖానకు కబురంపి లోతుగా పూడ్పింపవలెను. మాంసము కడుగు చేతులు తరచు మన స్త్రీలవే గదా.

మందు వేసిన బర్రె పాలు వైద్యుడు చెప్పినన్ని దినములు త్రాగరాదు, అమ్మరాదు.

ఈ యేడు రోహిణి కార్తెలోనే సూదివారు వచ్చిరి. ఆ యిల్లాలు సంఘపు అప్పుతో కొన్న పడ్డను అందరికంటె ముందు తోలుకొనివచ్చినది. వాడలో మూడిండ్లవారు మాత్రము ఇంకను రాలేదు. రేపు మేమిద్దరమును ఆ యిండ్లకు పోవలసియున్నది.